పదిహేనేళ్ళ డీటీపీ ఫైళ్ళున్న కంప్యూటర్‌లో విండోస్ 10 పక్కన ఉబుంటు పెట్టుకోవచ్చా?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. నేను పెరంబూరులో ఇంటి దగ్గరే తెలుగు డీటీపీ పని చేస్తుంటాను. ఇక్కడి తెలుగు కుటుంబాల శుభలేఖలు, గృహప్రవేశ ఆహ్వానాలు, ఏడాదికి ఒకటి రెండు చిన్న కవితా సంపుటాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చి ప్రెస్సుకు ఇస్తాను. పదిహేనేళ్ళ ఫైళ్ళు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపే పద్ధతి) కావు కనుక ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అందువల్ల విండోస్‌ను వదులుకోవడం నాకు వీలుపడదు.

కంప్యూటర్‌ను 2017లో రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని అక్కడే కూర్పించాను. ఏడవ తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. సీ, డీ అని రెండు డ్రైవులు చేసి ఇచ్చారు; డీలో సగానికి పైగా ఖాళీయే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు కావలసిన ప్రాసెసర్ల జాబితాలో నాది లేదు. బ్యాంకు లావాదేవీలు, కరెంటు బిల్లు, ఈమెయిల్ అన్నీ దీనిలోనే చేస్తాను కనుక ఇలాగే కొనసాగడం నాకు భయంగా ఉంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి తన ల్యాబ్ పనికి ఉబుంటు (విండోస్‌లాంటిదే అయిన ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) కావాలంటోంది. ఇంటర్నెట్ పనులన్నీ ఉబుంటులోకి మార్చుకొని, విండోస్‌ను డీటీపీకి మాత్రమే ఉంచుకుంటే ఇద్దరి అవసరమూ తీరుతుందని నాకు తోచింది. అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నా ఫైళ్ళకు ఏమైనా అయితే నా పనే ఆగిపోతుంది. అనుభవం ఉన్నవారు ఏ దారి క్షేమమో చెప్పగలరు.

సమాధానం (వేళచ్చేరి)

నమస్కారమండీ. కార్యాలయాల్లో కంప్యూటర్ల నిర్వహణ చూసుకోవడమే ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. మీరు అనుకున్న ఏర్పాటు సరైనదే, పూర్తిగా సాధ్యమే. కాకపోతే మీ జీవనోపాధి మొత్తం ఉన్న హార్డ్‌డిస్క్‌లో పార్టిషన్ల (సీ, డీ లాంటి విభాగాల) జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా కొని ఉబుంటును అందులోనే పెట్టండి. పెట్టెలో ఖాళీ సాటా పోర్టు ఉందో లేదో, పవర్ సప్లై నుంచి అదనపు కనెక్టర్ వస్తోందో లేదో కొనేముందే చూసుకోండి. డేటా కేబుల్ ఎస్‌ఎస్‌డీతో రాదు, విడిగా అడగాలి.

ముందుగా మీ ఫైళ్ళను, అను ఫాంట్ల ఇన్‌స్టాలర్‌ను, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలర్‌ను ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని ఊరుకోకుండా, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి పాత ఫైళ్ళు నాలుగైదు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. తరువాత రూఫస్ అనే ఉచిత సాధనంతో ఉబుంటును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04 దీర్ఘకాల వెర్షన్ తీసుకుంటే 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. దాని ఫైలు దాదాపు 6 జీబీ ఉంటుంది కనుక కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ పీకి, పక్క మూత తీసి, పాత హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే డేటా కేబుల్‌ను ఊడదీయండి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలి ఉన్నప్పుడు ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ఇలా ఎందుకంటున్నానంటే, రెండు డిస్కులూ తగిలి ఉన్నప్పుడు మనం రెండో డిస్క్‌ను ఎంచుకున్నప్పటికీ బూట్ ఫైళ్ళను (సిస్టమ్‌ను తెరిచే ఫైళ్ళను) మాత్రం మొదటి డిస్క్‌లో వాటికని ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో రాసే అలవాటు ఉబుంటు ఇన్‌స్టాలర్‌కు చాలాకాలంగా ఉంది. అప్పటికి అంతా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. రెండేళ్ళ తరువాత పాత డిస్క్ పాడైనప్పుడో, తీసేసినప్పుడో ఉబుంటు కూడా లేవదు. కేబుల్ తీసి ఉంటే ఆ సమస్యకు తావే ఉండదు. డిస్క్ మొత్తం చెరిపేయమనే ఎంపికను నొక్కినా చెరిగేది కొత్త ఎస్‌ఎస్‌డీ మాత్రమే.

ఇన్‌స్టాల్‌కు ముందు పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటును తెరిచి, వైఫై, ధ్వని, ముఖ్యంగా మీ ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. అంతా ముగిశాక పాత కేబుల్ మళ్ళీ తగిలించండి. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీట నొక్కితే ఏ డిస్క్ నుంచి లేవాలో అడుగుతుంది. ఆ మీట గిగాబైట్ బోర్డులకు ఎఫ్12, ఏసస్ బోర్డులకు ఎఫ్8, ఎంఎస్‌ఐ బోర్డులకు ఎఫ్11. ఏమీ నొక్కకపోతే ఏది తెరుచుకోవాలో బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగుల తెరలో) మీరే నిర్ణయించుకోవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి అక్కడ ఉబుంటును ముందు పెట్టడం మేలు.

సమాధానం (అంబత్తూరు)

పై సలహాలో తప్పు లేదు. నేను ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రతి సంవత్సరం విద్యార్థులు ఇదే అడుగుతారు, అందరికీ కొత్త ఎస్‌ఎస్‌డీ కొనే స్తోమత ఉండదు. అటువంటివారి కోసం ఒకే డిస్క్‌లో పెట్టుకొనే పద్ధతి కూడా చెబుతాను. బ్యాకప్ విషయంలో మాత్రం పై సమాధానంలోని మాటే నా మాట.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే డీ డ్రైవును కుదించి, 100 జీబీ వరకు ఖాళీ చోటు విడదీయాలి. సీ డ్రైవును కుదించబోతే, కదపడానికి వీలులేని సిస్టమ్ ఫైళ్ళు మధ్యలో అడ్డుపడి, ఎంత ఖాళీ ఉన్నా కొంత మేరకే కుదురుతుంది. డీలో సాధారణంగా ఆ ఇబ్బంది రాదు. విడదీసిన చోటును ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేస్తే ఇన్‌స్టాలర్ అందులో ఉబుంటును పెడుతుంది.

దీనికి ముందు విండోస్ ఏ పద్ధతిలో బూట్ అవుతోందో తెలుసుకోవాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే కిటికీలో బయోస్ మోడ్ అన్న వరుసలో లెగసీ (పాత పద్ధతి) అనో, యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అనో ఉంటుంది. 2017 ప్రాంతంలో కూర్చిన కంప్యూటర్లలో విండోస్ 10ను పాత లెగసీ పద్ధతిలోనే పెట్టి ఇచ్చినవి నేను చాలా చూశాను. అలాగైతే పెన్‌డ్రైవ్‌ను కూడా లెగసీలోనే బూట్ చేయాలి. ఒకటి లెగసీలో, మరొకటి యూఈఎఫ్‌ఐలో ఉంటే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే ఉబుంటు వారి గ్రబ్ మెనూ నుంచి విండోస్‌ను తెరవడం కుదరదు. లెగసీ డిస్కులు వాడే ఎంబీఆర్ అనే పార్టిషన్ల పట్టికలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటుంటుంది. ఆ నాలుగూ ముందే నిండి ఉంటే, 100 జీబీ ఖాళీ చేసినా అది పనికిరాదని ఇన్‌స్టాలర్ చెబుతుంది. విద్యార్థులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

మరొక విషయం ఒకే డిస్క్ అయినా రెండు డిస్కులైనా అందరికీ వర్తిస్తుంది, దయచేసి దీన్ని దాటవేయకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా మూతపడదు. తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకొని నిద్రపోతుంది. ఆ సమయంలో మీ అమ్మాయి ఉబుంటు నుంచి మీ డీ డ్రైవును తెరిచి ఏదైనా రాస్తే, విండోస్ లేచాక తన జ్ఞాపకంలోని లెక్కకూ డిస్క్‌లోని లెక్కకూ పొంతన లేక ఫైళ్ళు చెడిపోవచ్చు. అందుకే చాలాసార్లు ఉబుంటు అటువంటి డ్రైవును చదవడానికి మాత్రమే తెరుస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో, పవర్ బటన్ల పనిని నిర్ణయించే చోట, ఫాస్ట్ స్టార్టప్ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. రీస్టార్ట్ చేసినప్పుడు విండోస్ పూర్తిగానే మూతపడుతుంది, షట్‌డౌన్ చేసినప్పుడే ఈ చిక్కు వస్తుంది. ఒకరోజు సరిగ్గా ఉండి మరో రోజు మొరాయించడానికి కారణం ఇదే.

విండోస్ లోపలే ఉబుంటును నడిపే వర్చువల్‌బాక్స్ చాలదా అని కొందరు అంటారు. 8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లకు పంచి, రెండింటినీ తిరిగే హార్డ్‌డిస్క్ మీదే నడిపితే పని నత్తనడక నడుస్తుంది. పైగా ఇంటర్నెట్‌కు తగిలి ఉండేది అప్పటికీ ఆ విండోస్ 10యే. మీ ఉద్దేశానికి అది సరిపడదు.

సమాధానం (కొళత్తూరు)

ల్యాప్‌టాప్ ఉన్నవారు కూడా ఇది చదువుతారు కనుక నాకు జరిగిన నష్టం చెబుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉందన్న సంగతే నాకు తెలియదు. లినక్స్ పెట్టడానికి సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్ళనే తెరవనిచ్చే ఏర్పాటు) ఆపివేసి, మళ్ళీ విండోస్ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడిగింది. అది ఏ ఖాతాలో దాగి ఉందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఎన్‌క్రిప్షన్ మనం అడగకుండానే ఆన్ అయి ఉండవచ్చు. బయోస్‌లో ఏది మార్చాలన్నా ముందు ఆ కీని కాగితం మీద రాసుకొని, ల్యాప్‌టాప్‌కు దూరంగా భద్రపరచండి.

ఈ రోజుల్లో ఉబుంటుకు సెక్యూర్ బూట్ ఆపవలసిన అవసరం సాధారణంగా లేదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తరువాత రెండు సిస్టమ్‌లున్న (డ్యూయల్ బూట్) చాలా కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోకుండా పోయిన మాట నిజమే. అది ముఖ్యంగా పాత బూట్ ఫైళ్ళున్న లినక్స్‌లకు తగిలింది. అందుకని ఎప్పుడూ తాజా ఇన్‌స్టాలరే వాడండి.

కరెంటు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. పార్టిషన్‌ను కుదిస్తుండగా కరెంటు పోతే డేటా మిగలకపోవచ్చు. ఐప్పసి, కార్తిక మాసాల (అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ వరకు) వానల్లో మన చెన్నైలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? యూపీఎస్ లేకుండా ఈ పని చేయకండి. అది ఉన్నా బ్యాటరీ పాతదైతే నమ్మకండి.

రెండు సిస్టమ్‌లు ఒకే చోట ఉండడం మన ఊరికి కొత్త కూడా కాదు. 2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో మా తమ్ముడికి వచ్చిన దానిలో విండోస్‌తో పాటు, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వారు రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. వాడు దానిలోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు.

ప్రశ్న అడిగినవారి జవాబు (పెరంబూరు)

మీ అందరికీ కృతజ్ఞతలు. విడి ఎస్‌ఎస్‌డీ దారినే ఎంచుకున్నాను. బ్యాకప్‌కు శనివారం పూట మొత్తం పట్టింది; మా బావమరిది కంప్యూటర్‌లో ఫైళ్ళు తెరిచి చూసుకున్నాకనే పక్క మూత తీశాను. ఆదివారం ఉదయం మా అమ్మాయి కేబుల్ ఊడదీసి ఉబుంటు పెట్టింది. నేను భయపడినదాని కంటే చాలా త్వరగా అయిపోయింది. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాం. మునుపు కూర్చిన శుభలేఖలన్నీ చెక్కుచెదరలేదు. బ్యాంకు పని ఇప్పుడు ఉబుంటులోనే చేస్తున్నాను. విండోస్ తెరిచే రోజున ఇంటర్నెట్ కేబుల్ పెట్టడం మానేశాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఉబుంటు వాడిన తరువాత విండోస్ తెరిస్తే ఉదయం పది గంటలకు గడియారం నాలుగున్నర చూపిస్తోంది. బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందని ఒకరు చెబితే అదీ మార్చాను, ఫలితం లేదు. ఇక రెండోది, ఉబుంటులో తెలుగు టైపు చేసి, ఆ పాఠాన్ని పేజ్‌మేకర్‌లోకి తెచ్చుకోవడం కుదురుతుందా?

సమాధానం (అంబత్తూరు)

చాలా సంతోషం. గడియారం విషయంలో బ్యాటరీ తప్పు లేదు. ఎంత తేడా వస్తోందో చూడండి, సరిగ్గా అయిదున్నర గంటలు. బోర్డు మీది గడియారంలో ఉన్నది భారత కాలమేనని విండోస్ అనుకుంటుంది. ఉబుంటు అందులో గ్రీనిచ్ కాలాన్ని రాస్తుంది. ఉబుంటు రాసి వెళ్ళినదాన్ని విండోస్ మన కాలంగా చదవడంతో అయిదున్నర గంటలు వెనక్కి వెళుతుంది. బోర్డు గడియారంలో స్థానిక కాలమే ఉంచమని ఉబుంటుకు ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే సాధనంతో ఆ పని ఎలా చేయాలో మీ అమ్మాయికి సులభంగా తెలుస్తుంది. వేసవిలో గడియారాలను ముందుకు జరిపే దేశాల్లో ఈ పద్ధతి వద్దంటారు. మనకు ఆ మార్పు లేదు కనుక నిశ్చింతగా చేసుకోవచ్చు.

టైపు విషయానికి వస్తే, సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక వస్తుంది. విండోస్ గుర్తు ఉన్న మీటను, స్పేస్‌బార్‌ను కలిపి నొక్కితే భాష మారుతుంది. మీ చేతికి అలవాటైన అను కీబోర్డు అమరిక వేరు కనుక మొదట కొన్ని రోజులు ఇబ్బందిగా ఉంటుంది. ఉబుంటులో టైపు చేసినది యూనికోడ్ పాఠం, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందువల్ల నేరుగా అతికిస్తే రాదు. యూనికోడ్ నుంచి అను ఫాంటుకు మార్చే కన్వర్టర్ గుండా పంపి అప్పుడు అతికించాలి. మార్పిడిలో సంయుక్తాక్షరాలు అక్కడక్కడ తారుమారవుతుంటాయి. శుభలేఖల విషయంలో పేర్లను, ముహూర్తపు అంకెలను ప్రెస్సుకు పంపేముందు మూలంతో సరిచూసుకోండి.