బారువ లాంటి చిన్న రేవు ఊళ్ల గురించి బయట రాయాలా, వద్దా?

పద్మజ_ప్రయాణాలు:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో పిల్లల్ని తీసుకుని శ్రీకాకుళం జిల్లా బారువ వెళ్దామనుకుంటున్నాం. రుషికొండ, ఆర్కే బీచ్ చూశాం, ఇసకేస్తే రాలనంత జనం. బారువ వైపు అప్పటికి తాబేళ్లు గుడ్లు పెడుతుంటాయని, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు బాగుంటుందని విన్నాం. ఒడ్డునే తాజా చేప కొని వండించుకోవాలని మావారి కోరిక. వెళ్లినవాళ్లు చెప్పండి. వచ్చాక ఫొటోలు, దారి మ్యాపు పెట్టి ఇక్కడే వివరంగా రాస్తాను.

ఉద్దానపోడు:
వెళ్లండమ్మా, హాయిగా చూసి రండి. రాయకండి, అంతే. మాది ఆ పక్కనే. ఒక్క వీడియో చాలు, మరుసటి ఆదివారానికి బైకులు వచ్చేస్తాయి, ఇసకలో సీసాలు మిగులుతాయి. విశాఖ చుట్టుపక్కల బీచ్‌లకి ఏం జరిగిందో కళ్లారా చూసినవాణ్ణి.

తెప్పలరేవు:
ఎందుకు రాయకూడదండీ? మాది వేట కుటుంబం, ఇదే తీరం. బయటి మనిషి వస్తే మా ఇంట్లో ఆడవాళ్లకి వంట మీద నాలుగు డబ్బులు వస్తాయి. పద్మజ గారూ, రండి, రాయండి.

సుధ_బెజవాడ:
ఒడ్డున చేప చవక అన్నమాట నమ్మి వెళ్లకండి. మేం ఇంకో రేవుకి అలాగే వెళ్లాం, పేరు చెప్పను. వంజరం కిలో మా బెజవాడ మార్కెట్ రేటే చెప్పారు. పైగా ఐసు పెట్టె లోంచి తీశారు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. మావాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది.

తెప్పలరేవు:
సుధ గారూ, అది మోసం కాదు, వేట వ్యాపారం నడిచే పద్ధతి. పడవకీ వలకీ ఇంజనుకీ పెట్టుబడి పెట్టిన షావుకారు ఉంటాడు. సరుకు ఒడ్డు చేరగానే వేలం పాట పెడతారు, అతని చెయ్యి ముందుంటుంది. కోనాం (మీరు వంజరం అన్నది), చందువ, పెద్ద రొయ్య అక్కడికక్కడే ఐసులో పడి లారీ ఎక్కుతాయి. మా వాడు కోరుకున్నా మీకు విడిగా అమ్మలేడు. ఒడ్డున మిగిలేవి నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, సావిళ్లు. రుచి వాటిలోనే ఉంటుంది. నెత్తళ్లకి కత్తి అక్కర్లేదు, బొటనవేలి గోటితో తల గిల్లితే పేగు దానితోపాటే వచ్చేస్తుంది. పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టి, గరిటె తగలకుండా గిన్నె రెండు చెవులూ పట్టుకుని తిప్పుతారు. గరిటె పెడితే చేప చెదిరిపోతుంది.

సుధ_బెజవాడ:
నేను అడిగింది వంజరం గురించి. నెత్తళ్లు మాకూ దొరుకుతాయి. ఒడ్డుకి వెళ్లినా రేటు తగ్గనప్పుడు అంత దూరం ఎందుకని నా ప్రశ్న.

చక్రి:
మీరు వెళ్లింది ఏ నెలలో?

సుధ_బెజవాడ:
మే నెల, పిల్లల సెలవులు.

చక్రి:
ఇంకేం, వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు, మోటారు పడవలు కదలకూడదు. మీరు తిన్నది ఎక్కడి నుంచో ఐసులో వచ్చినదే.

సుధ_బెజవాడ:
అయితే ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పాలి కదా! పిల్లల సెలవులు ఉండేదే అప్పుడు.

ఉద్దానపోడు:
చేప రేటు దగ్గర ఆగిపోయారు. నా బాధ వేరు. తాబేలు రాత్రి ఒడ్డెక్కి, గొయ్యి తీసి, 100 పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసక కప్పి వెళ్లిపోతుంది. తెల్లారి చూస్తే నీళ్ల నుంచి పైకీ, పైనుంచి నీళ్లకీ ట్రాక్టరు టైరు నడిచినట్టు అచ్చు ఉంటుంది. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. రాత్రిపూట సముద్రం వైపు ఆకాశం తేటగా ఉంటుంది, అవి ఆ వెలుగు వైపే పరిగెడతాయి. ఊరి వైపు రిసార్టు లైట్లు వెలిగితే ఊరి వైపే వస్తాయి. పొద్దుటికి కుక్కలు, కాకులు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి చుట్టూ సెల్‌ఫోను ఫ్లాష్ కొట్టుకుంటూ జనం నిలబడటం నేను చూడలేను.

తెప్పలరేవు:
ఫ్లాష్ కొట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ మా ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లని చంపింది టూరిస్టు కాదండీ. తాబేలు గాలి పీల్చే జీవి. పెద్ద బోట్లు లాగే ట్రాలు వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు పెద్ద బోట్లు రాకూడదని రాష్ట్రంలో 1994 చట్టం కింద నిబంధన ఉంది. వస్తున్నాయి. మా చేపా పోతోంది, తాబేలూ పోతోంది. దాని మీద మీరు ఒక్క ముక్క రాయలేదు.

ఉద్దానపోడు:
ట్రాలర్ల తప్పు ఉందని బైకులవాళ్లని పిలుచుకుందామా? నాలుగు డబ్బులకి ఊరిని అమ్ముకోవడం అంటే ఇదే.

తెప్పలరేవు:
మాట జాగ్రత్త. ఊరిని అమ్ముకున్నదెవరు? తోట అమ్మి విశాఖలో ఫ్లాట్ కొన్నానని కిందటి చర్చలో మీరే రాశారు. మీరు పండక్కి వచ్చి నాలుగు గంటలు ఒడ్డున కూర్చునేందుకు ఊరు నిశ్శబ్దంగా ఉండాలి. మేం మాత్రం ఇక్కడ పని లేక గుజరాత్ వేరావల్ వెళ్లి పరాయి బోట్లలో కూలీకి వేటాడాలి. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయింది మా జిల్లా వాళ్లనీ, విజయనగరం వాళ్లనీ. 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. మా పక్క వీధిలో ఒకామె ఆ 13 నెలల పైచిలుకు ఎలా బతికిందో నేను చూశాను. కుర్రాళ్లు ఊళ్లోనే ఉండి పది మందికి అన్నం పెట్టి బతుకుతామంటే అది అమ్ముకోవడమా?

నెల్లూరు_గిరి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

ఉద్దానపోడు:
తోట అమ్మింది సరదాకి కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ కాపుకొచ్చేదాకా తినడానికి ఏముందో చెప్పండి. అందుకే అమ్మాను. నా భయం మీకు అర్థం కావట్లేదు. వేరే తీరంలో ఒక రిసార్టు కంచె వేసింది. చిన్నప్పుడు వలలు లాగడం చూసిన చోటుకి వెళ్లబోతే గేటు దగ్గర మనిషి టికెట్ అడిగాడు. మొదట అక్కడా వంటే, పది మంది భోజనమే. తర్వాత స్థలం కొనేవాడు వచ్చాడు.

తెప్పలరేవు:
ఇది ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఆ భయం మాకూ ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. పడవలు లాగే చోటుకీ, వలలు ఆరేసే చోటుకీ, చేపలు ఎండబెట్టే ఇసకకీ మా దగ్గర పట్టా ఏదీ లేదు. తాతల నుంచి వాడుకుంటున్నాం, అంతే. కానీ ఎవరికీ తెలియకపోతే ఒడ్డు మిగులుతుందన్నది నేను నమ్మను. సోంపేట బీలని, అంటే చిత్తడి నేలని, కాగితాల్లో బీడు అని రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. నీళ్లు, పిట్టలు, చేపలు, మూడు కాలాలూ పని ఉన్న బీలని! బయట ఎవరూ చూడని చోటుని బీడు అనడం తేలిక.

ఉద్దానపోడు:
ఆ ప్లాంటు వద్దని 2010 జులైలో పోలీసు కాల్పులకి ఎదురు నిలబడింది ఊళ్లు. ప్రాణాలు పోయింది ఊరివాళ్లవి. ఫొటోలు తీసుకునేవాళ్లు ఎవరూ రాలేదు. బీల దక్కడానికి పేరు మోగడం కారణం కాదు.

తెప్పలరేవు:
ఊళ్లు నిలబడాలంటే ఊళ్లో మనుషులు ఉండాలి. వేరావల్‌లో ఉన్నవాడు ఇక్కడ ఎలా నిలబడతాడు?

సుధ_బెజవాడ:
బారువలో వంజరం రేటు ఎవరైనా చెబితే బాగుండేది.

పద్మజ_ప్రయాణాలు:
ఇంత జరుగుతుందని అనుకోలేదు. మేం ఫిబ్రవరిలో వస్తాం. రాత్రి ఒడ్డుకి పోం. గుడ్లు కాపాడే హేచరీలో పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే దూరం నుంచి చూడనిస్తారేమో అటవీశాఖ వాళ్లని అడుగుతాం. తెప్పలరేవు గారూ, భోజనం మీ ఇంట్లోనే. రాయడం సంగతి వచ్చాక చూస్తాను.

ఉద్దానపోడు:
కనీసం మ్యాపు పెట్టకండమ్మా. అడిగినవాళ్లకి విడిగా చెప్పండి. ఊరి పేరు లేకుండా కూడా అందం గురించి రాయొచ్చు.

తెప్పలరేవు:
మా ఊరి పేరు దాచే హక్కు మీకెవరిచ్చారు? పద్మజ గారూ, దిగాల్సింది సోంపేట స్టేషను. అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. పొద్దున్నే రండి, ఎండెక్కేసరికి పాట అయిపోతుంది. కోనాం దక్కదు, నెత్తళ్లు ఉంటాయి.

ఉద్దానపోడు:
నేను ఒప్పుకోను. ఈ చర్చని మూసేయమని నిర్వాహకులని అడుగుతున్నాను.