ఎఫ్-150 ఎయిర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టరు బిగించుకుంటే నిజంగా లాభం ఉందా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. నేను 2020 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 నడుపుతున్నాను. అందులో ఉన్నది టర్బో లేని 5.0 లీటర్ల వి8 పెట్రోల్ ఇంజిన్. వారమంతా ఆఫీసుకు వెళ్లి రావడానికీ, వేసవిలో వారాంతాల్లో బోటును ట్రైలర్ మీద లేక్ టెక్సోమాకు తీసుకువెళ్లడానికీ ఇదే బండి. ఫిల్టరు మార్చే సమయం వచ్చింది కనుక, ఈసారి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ ఎయిర్ బాక్సును (గాలి ఫిల్టరు ఉండే పెట్టెను) పూర్తిగా తీసేసి, నూనె పట్టించిన నూలు కోన్ ఫిల్టరు, వెడల్పాటి అల్యూమినియం గొట్టం ఉన్న కిట్ బిగించుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. ట్రైలర్ తగిలించినప్పుడు లాగుడు పెరుగుతుందనీ, మైలేజీ కూడా మెరుగవుతుందనీ కొందరు మిత్రులు చెప్పారు. నేను చూసిన కిట్‌లో ఫిల్టరు చుట్టూ మూసిన పెట్టె లేదు, ఇంజిన్ వైపు అడ్డుగా ఒక రేకు మాత్రమే ఉంది. ఇక్కడి ఎండలకు అది సరిపోతుందా? ఎక్స్‌టెండెడ్ వారంటీకీ, ఏటా జరిగే ఎమిషన్స్ (పొగ) పరీక్షకూ ఇబ్బంది వస్తుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 (ప్లేనో, టెక్సాస్)

నమస్కారమండీ. ఇంజిన్ క్యాలిబ్రేషన్, అంటే ఇంజిన్ కంప్యూటరు లెక్కలను సరిచూసి అమర్చడం, నా వృత్తి కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను. ముందుగా మైలేజీ సంగతి తేల్చేద్దాం. పెట్రోల్ ఇంజిన్ హైవే మీద నిలకడగా సాగుతున్నంతసేపూ గాలికి అసలైన అడ్డు థ్రాటిల్ పలకే, అంటే గ్యాస్ పెడల్ నొక్కితే తెరుచుకునే పలకే. అది పాక్షికంగా మూసుకుని ఉండగా దానికి ముందున్న ఫిల్టరు ఎంత తేలికగా ఊపిరి తీసుకున్నా మీ కాలు ఆ పలకను మరికొంత మూస్తుంది తప్ప ఇంధనం ఆదా కాదు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో మూసుకుపోయిన ఫిల్టర్లతో పరీక్షలు జరిపినప్పుడు కూడా, కంప్యూటర్ నియంత్రణ ఉన్న ఇంజిన్లలో మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు, పికప్ మాత్రమే మందగించింది. మురికి ఫిల్టరే మైలేజీని తగ్గించనప్పుడు, శుభ్రమైన ఫిల్టరు స్థానంలో మరొక శుభ్రమైన ఫిల్టరు పెట్టి మైలేజీ పెంచుకోవాలనుకోవడం నెరవేరే ఆశ కాదు.

ఇక లాగుడు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే ఫిల్టరు, బాక్సు, గొట్టం కలిసి కలిగించే అడ్డు లెక్కలోకి వస్తుంది. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం సుమారు 407 అంగుళాల నీటిమట్టానికి సమానం. మీ బాక్సు అందులో 10 అంగుళాలు మింగేస్తుందని అనుకున్నా, ఆ అడ్డును సున్నా చేసి మీరు పొందగలిగేది రెండున్నర శాతం లోపే. గాలి వేడెక్కితే పోయేది అంతకంటే ఎక్కువ. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు బానెట్ కింద 140 డిగ్రీల గాలిని ఇంజిన్ పీల్చుకుంటే దాని సాంద్రత దాదాపు ఆరున్నర శాతం తగ్గుతుంది. పైగా వేడి గాలికి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడడం) రాకుండా కంప్యూటరు ఇగ్నిషన్ టైమింగును వెనక్కి లాగుతుంది, అంటే స్పార్కును ఆలస్యం చేస్తుంది కనుక నష్టం సాంద్రతతో ఆగదు. కంపెనీ బాక్సు ఇంజిన్ వేడి తగలని చోటు నుంచి, గ్రిల్ వెనుక భాగం నుంచి గాలి తీసుకుంటుంది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని విడిగా అమ్మే ఏర్పాటు మీ బండిలో ఇప్పటికే ఉందన్నమాట.

అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు. ఇది మొత్తం గాలిని కొలవదు. తన వేడి తీగ పక్కనుంచి పోయే కొద్దిపాటి గాలిని చూసి, గొట్టం వ్యాసం ఇంత అన్న నమ్మకంతో మొత్తాన్ని లెక్కగడుతుంది. గొట్టం వ్యాసం 5 శాతం పెరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది, వేగం ఆ మేరకు తగ్గుతుంది, సెన్సరు దాదాపు 10 శాతం తక్కువ చూపుతుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ల సాయంతో కంప్యూటరు ఆ లోటు పూడ్చుకుంటుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు ఇంధనంలో చేసే దిద్దుబాటు శాతం, పైకి పోవడమే దానికి ఆనవాలు. దిద్దుబాటు హద్దు దాటితే గాలికి తగినంత ఇంధనం లేదని చెప్పే పి0171, పి0174 కోడ్‌లతో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగిన బండి మన కౌంటీలో ఎమిషన్స్ పరీక్ష దాటదు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో వ్యక్తిగత వాహనాలకు సేఫ్టీ తనిఖీ ఎత్తివేశారు గాని, కాలిన్, డెంటన్, డాలస్ వంటి కౌంటీలలో ఎమిషన్స్ పరీక్ష కొనసాగుతూనే ఉంది.

వారంటీ గురించి: బయటి భాగం వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ రద్దు చేయకూడదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం చెబుతుంది. కానీ ఎక్స్‌టెండెడ్ వారంటీ పేరుతో అమ్మేది చాలా సందర్భాలలో సర్వీస్ కాంట్రాక్టు, అంటే విడిగా కొనుక్కునే మరమ్మతు ఒప్పందం. మార్పులు చేసిన బండికి వర్తించదన్న షరతు అందులో ఉండవచ్చు కాబట్టి, కిట్ కొనేముందు ఆ కాగితం చదవండి.

జవాబు 2 (కేటీ, టెక్సాస్)

పై మిత్రులు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. అయినా నా ట్రక్కుకు కిట్ బిగించుకున్నాను, సంతోషంగానే ఉన్నాను. వి8 గొంతు వినాలన్న కోరికతోనే పెట్టించుకున్నాను తప్ప హార్స్‌పవర్ కోసం కాదు. కంపెనీ బాక్సుకు ఉండే రెజొనేటర్ గదులు ఆ శబ్దాన్ని అణచడానికే ఉన్నాయి. వాటిని తీసేస్తే గ్యాస్ నొక్కగానే తేడా వినిపిస్తుంది. మీకు కావలసింది అదే అయితే, పైన మూత ఉండి, కంపెనీ గాలి దారికే అతుక్కునే పూర్తి పెట్టె కిట్ తీసుకోండి. సెన్సరు కూర్చునే చోట గొట్టం లోపలి వ్యాసం పాతదానితో సమానంగా ఉందో లేదో కాలిపర్‌తో కొలిచి మరీ తీసుకోండి. క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు గది) నుంచి వచ్చే సన్న గొట్టం గట్టిగా కూర్చోకపోతే కొలతకు అందని గాలి లోపలికి చొరబడుతుంది.

హ్యూస్టన్ వైపు నీటి భయం కూడా ఉంది. అండర్‌పాస్‌లో నీరు నిలిచినప్పుడు కిందికి వేలాడే కోన్ నీటిని పీల్చుకుంటే, సిలిండరులో నీరు అణగదు కాబట్టి పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కోన్‌ను ఎత్తులో ఉంచని కిట్‌ల జోలికి వెళ్లకండి. కాలిఫోర్నియాకు మకాం మార్చే ఆలోచన ఉన్నవారు ఆ రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి) నంబరు ఉన్న కిట్‌నే ఎంచుకోవాలి.

జవాబు 3 (అనంతపురం)

నాది మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, టర్బో డీజిల్. దేశం వేరైనా దుమ్ము సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఈ చర్చల్లో అందరూ గాలి ఎంత వస్తుందన్న దగ్గరే ఆగిపోతారు, ఆ గాలిలో ఏం వస్తుందో అడగరు. ఫిల్టర్లను పోల్చడానికి ఐఎస్ఓ 5011 అనే పరీక్షా విధానం ఉంది. 99 శాతం దుమ్మును ఆపే ఫిల్టరుకూ 97 శాతం ఆపే ఫిల్టరుకూ తేడా రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఇంజిన్‌లోకి వెళ్లేది మొదటిదానిలో నూటికి ఒక వంతు, రెండవదానిలో నూటికి మూడు వంతులు, అంటే మూడు రెట్లు. ఆ దుమ్ములో ఉండే సిలికా పిస్టన్ రింగులనూ, టర్బో ఉంటే కంప్రెసర్ రెక్కల అంచులనూ అరగదీస్తుంది.

మా ఊళ్లో గ్రానైట్ లారీలు తిరిగే మట్టి రోడ్డు మీద నాతో పాటు నడిచే మరో వి-క్రాస్‌కు కోన్ ఫిల్టరు ఉండేది. ఫిల్టరు తీసి గొట్టం లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడిస్తే, గుడ్డ మడత పొడవునా ఎర్రటి చార పడింది. అది ఫిల్టరు దాటి వచ్చిన మట్టి. మీరూ ఆ పరీక్ష చేసుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు కొంచెం ల్యాబ్‌కు పంపి సిలికాన్ ఎంత ఉందో చూపించుకుంటే ఇంకా మంచిది. నూనె పట్టించే ఫిల్టరును కడిగాక నూనె ఎక్కువైతే అది సెన్సరు తీగకు అంటుకుంటుంది. కాగితపు ఫిల్టరు మాత్రం కాస్త దుమ్ము పట్టాక ఇంకా బాగా వడకడుతుంది. దయచేసి దాన్ని పెట్రోల్ బంకులో గాలి కొట్టించి శుభ్రం చేయకండి, కాగితం చిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు (ఫ్రిస్కో)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల తర్వాత బండి కంప్యూటరులోని అంకెలు చూపే చవకైన ఓబీడీ రీడరు పెట్టి చూశాను. బయట 97 డిగ్రీలు ఉండగా హైవే మీద లోపలికి వెళ్లే గాలి 104 చూపింది. సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి వెళ్లినప్పుడు 130 దాటి, కదలగానే మళ్లీ దిగింది. ఫ్యూయల్ ట్రిమ్‌లు సున్నాకు దగ్గరగానే ఉన్నాయి. బాక్సు తీయించే ఆలోచన మానుకుని కొత్త కాగితపు ఫిల్టరు తెచ్చుకున్నాను. ట్రైలర్ లాగుడుకు వేరే ఏమైనా చూడాలా?

జవాబు 1 (ప్లేనో)

ఆ అంకెలు బాగున్నాయండీ, ఆ బాక్సు తన పని తాను చేస్తోంది. కొత్త ఫిల్టరు పెట్టేటప్పుడు రబ్బరు అంచు చుట్టూ సమంగా కూర్చుందో వేలితో తడిమి చూడండి, క్లిప్పులన్నీ పూర్తిగా పడ్డాయో లేదో గమనించండి. ఎక్కడైనా అంచు మడతపడితే ఎంత మంచి ఫిల్టరైనా దుమ్మును పక్కనుంచి వదిలేస్తుంది. లాగుడు కోసమైతే ట్రైలర్ తగిలించినప్పుడు బరువు లాగడానికి గేర్లు మారే తీరును సర్దే టో/హాల్ మోడ్ వాడండి. గేర్లు ఇంజిన్‌ను దానికి బలం ఉన్న వేగంలో నిలుపుతాయి. ట్రైలర్ టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.