‘చూసీ చూడనట్టు’, ‘విచక్షణ’: అంపైరుకు ఏ మాట తగును?

ప్రశ్న (గుంటూరు): పిల్లల బేస్‌బాల్ పోటీలలో అంపైర్లుగా నిలబడే వ్యాయామోపాధ్యాయుల కోసం సూచనలను తెలుగులో రాస్తున్నాను. పదేళ్ల పిల్లవాడు తెలియక నియమం తప్పితే అంపైరు ‘చూసీ చూడనట్టు వదిలేయవచ్చు’ అని రాశాను. ఈ ప్రయోగం సరైనదేనా?

జవాబు (విజయవాడ): మాస్టారూ, మాటలో దోషం లేదు గాని, మీ సందర్భానికి అది నప్పదని నా అభిప్రాయం. ‘చూసీ చూడనట్టు’ అన్నప్పుడు, చూసినవాడు చూడలేదని నటిస్తున్నాడనే భావం అందులో ఇమిడి ఉంటుంది. పెళ్లిళ్లలో వియ్యాలవారి మాటపట్టింపులకు ఆ నటన మంచిదే గాని, తీర్పు చెప్పేవారికి అంటగడితే లాలూచీ వాసన వేస్తుంది. ‘విచక్షణ’ దీనికి పూర్తిగా ఎదురు. కన్ను అనే అర్థమున్న ‘చక్షుస్సు’కు మూలమైన ధాతువే దీనికీ మూలం కాగా, ‘వి’ చేరడం వల్ల తేడా తెలిసేలా స్పష్టంగా చూడడమనే అర్థం వచ్చింది.

ఆటలోనే ఉదాహరణ ఉంది. బేస్ (పరుగు తీసేవారు వరుసగా తాకవలసిన గుర్తు) మీద రన్నరు, అంటే పరుగు తీసే ఆటగాడు, ఉండగా పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) బంతి వేయబోయి మధ్యలో ఆగిపోతే అది ‘బాక్’ అవుతుంది, రన్నర్లు ఒక్కో బేస్ ముందుకు జరుగుతారు. అమెరికా వృత్తి లీగుల నియమావళిలో ఈ నియమం కింద ఒక వ్యాఖ్య ఉంది: పిచర్ కావాలని రన్నరును మోసగించకుండా ఆపడమే దీని ప్రయోజనమనీ, అంపైరుకు సందేహం కలిగితే పిచర్ ఉద్దేశాన్నే ప్రమాణంగా తీసుకోవాలనీ అది చెబుతుంది. కాలు తడబడి ఆగిన చిన్నవాడినీ, రన్నరును ఊరించడానికి ఆగినవాడినీ వేరుగా గుర్తించాలంటే అంపైరు ఎప్పటికంటే నిశితంగా చూడాలి కదా.

మరొక సభ్యురాలు (గుంటూరు): ఆఫీసు కాగితాలలో ‘విచక్షణాధికారం’ చదివి చదివి, విచక్షణ అంటే ఇష్టం వచ్చినట్టు చేయడమనే అనుకుంటున్నారండీ. ఒక జట్టుకు వదిలి, రెండో జట్టుకు పట్టుకుంటే ఏమనాలి?

జవాబు (విజయవాడ): దాన్ని పక్షపాతమనే అనాలి, అమ్మా. అందుకే ‘అధికారం’ తగిలించకుండా రాయమంటాను. 1983 జూలైలో కాన్సాస్ సిటీ రాయల్స్ ఆటగాడు జార్జ్ బ్రెట్, న్యూయార్క్ యాంకీస్‌పై హోమ్ రన్ (బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి పరుగు సాధించే దెబ్బ) కొట్టిన తరువాత, పట్టు జారకుండా బ్యాటుకు పూసిన పైన్ తారు అనే జిగురు పదార్థం పిడి చివర నుంచి 18 అంగుళాల హద్దు దాటిందని అంపైర్లు ఆయనను అవుట్‌గా ప్రకటించారు. అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పు నియమం ఉద్దేశానికి పొసగదని హోమ్ రన్‌ను నిలబెట్టారు. తారు హద్దు దాటలేదని ఆయన అనలేదు. దాటిందని ఒప్పుకొనే, దానికి అంత శిక్ష తగునా అని తూచారు. నా దృష్టిలో విచక్షణ అంటే అదే.

మాస్టారూ, మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘తెలియక చేసిన తప్పు వల్ల ఏ జట్టుకూ లాభం గాని, ఎవరికీ ప్రమాదం గాని కలగనప్పుడు, అంపైరు విచక్షణతో ఆ తప్పును పిల్లవాడికి వివరించి ఆట కొనసాగించవచ్చు, రెండు జట్ల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలి.’ హెల్మెట్ లేకుండా బ్యాటింగ్‌కు వచ్చిన పిల్లల సంగతిని మాత్రం ఈ వాక్యం కిందికి రానీయకండి.