తమ్ముడితో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, గాజువాక వైపు. పోయిన వారం మా పక్క వీధి అబ్బాయి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒకటే మాట: "ఇంత చిన్నదానికేనా? మనకు లేవా కష్టాలు?" ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, నీళ్లు రాకపోయినా "చచ్చిపోవాలనిపిస్తోంది" అని మనమంతా ఊరికే అనేస్తుంటాం. ఇప్పుడు ఆ మాట వింటేనే గుండె దడగా ఉంది.

మా తమ్ముడు ఇంటర్. ఆ అబ్బాయితో క్రికెట్ ఆడేవాడు. మెట్ల దగ్గర మాటలు వింటూ, షూ లేసు కడుతున్నట్టు చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. అప్పట్నుంచి సగం అన్నంలోనే లేచిపోతున్నాడు, బ్యాట్ ముట్టుకోవడం లేదు.

"నీకూ అలాంటి ఆలోచన వస్తోందా?" అని అడిగితే లేనిది గుర్తుచేసినట్టు అవుతుందని అమ్మ భయం. అలా కాదు, అడిగితే మనసు తేలికపడుతుందనే డాక్టర్లు చెబుతారు. కానీ మొదటి మాట ఎలా అనాలి? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి వాడి బదులు నేను ఫోన్ చేయొచ్చా? ఇంట్లోవాళ్ల కోసం అలా ఎవరైనా చేశారా? తెలుగులో మాట్లాడతారు, ఉచితం అని తెలుసు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి ఇంట్లోవాళ్లను తీసుకెళ్లినవాళ్లు మొదటి రోజు ఎలా గడిచిందో చెప్పండి. ఇక మెట్ల దగ్గర ఆ మాటలు అనేది పెద్దవాళ్లు, బాబాయ్ వరసవాళ్లు. వాళ్ల మాటలు నొప్పించకుండా ఎలా ఆపాలి?