అప్‌డేట్: వీణ మానలేదు

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను, ల్యాబ్‌లు అయ్యేసరికి ఓపిక ఉండట్లేదు, వీణ మానేయాలా అని అడిగాను కదా. మానొద్దు, పొద్దున్నే కూర్చో అన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

ఇప్పుడు కాలేజీ బస్సు వచ్చేలోపే సాధన అయిపోతోంది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (మొదట్లో నేర్పే స్వర పాఠాలు), మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మూడో కాలంలో ఎడమచేతి వేళ్లు ఇంకా తడబడుతున్నాయి. వేళ్లకి కాస్త కొబ్బరినూనె రాసుకోమన్న చిట్కా మాత్రం బాగా పనిచేసింది, తీగ మీద వేలు హాయిగా జారుతోంది.

సాయంత్రాలు ఫ్రెండ్స్‌కే. మొన్న ఆదివారం అందరం బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లాం. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తుంటే, సంగీతమంటే ఆసక్తి లేని మా వాళ్లు కూడా కదల్లేదు! ల్యాబ్ రికార్డులు మాత్రం ఇంకా రాత్రిళ్లే రాస్తున్నాను.