తకహతాకు రావలసినంత పేరు ఎందుకు రాలేదు?

చిత్రలేఖ:
జపాన్ యానిమేషన్ మాట ఎత్తగానే అందరి నోటా వచ్చేది దర్శకుడు మియాజాకి పేరే. ఆయనతో పాటు 1985లో ఘిబ్లీ యానిమేషన్ సంస్థకు పునాది వేసిన మరో దర్శకుడు ఇసావో తకహతా గురించి అడిగితే, చాలామంది ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ దగ్గరే ఆగిపోతారు. మియాజాకి నీడలో పడి ఆయన మరుగున పడ్డారని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పగలరు.

శేషు:
ఆ వాదన నాకు సమ్మతం కాదు. మియాజాకి తీసిన ‘నౌసికా’ (1984) నిర్మాత తకహతాయే. ఆ చిత్రం తెచ్చిన డబ్బుతోనే, జపాన్‌లోని యనగవా ఊరి కాలువల మీద తకహతా తీసిన డాక్యుమెంటరీకి మియాజాకి పెట్టుబడి పెట్టారు. తకహతాకు అడ్డుపడింది ఆయన నిదానమే. 1988లో ‘ఫైర్‌ఫ్లైస్’ గడువుకు పూర్తికాక, రెండు చోట్ల రంగులు వేయకుండానే థియేటర్లకు వెళ్లింది. ‘ప్రిన్సెస్ కగుయా’కు (2013) ఎనిమిదేళ్లు పట్టింది, సుమారు 500 కోట్ల యెన్లు ఖర్చయ్యాయి, జపాన్‌లో వసూలైంది అందులో దాదాపు సగమే.

వాణి:
శేషు గారూ, మీరు చెప్పినవి కాదనలేనివే, కానీ అవి ఈ ప్రశ్నకు జవాబు కావు. 1974లో ‘హైదీ’ 52 భాగాలు, 1976లో ‘మార్కో’ 52, 1979లో ‘ఆన్’ 50 భాగాలు వారం వారం టీవీకి అందించిన మనిషిని నిదానస్తుడని ఎలా అంటాం? 1991లో ‘ఓన్లీ ఎస్టర్‌డే’, 1994లో ‘పొం పొకొ’ ఆయా సంవత్సరాల జపాన్ చిత్రాలలో వసూళ్లలో ముందున్నాయి. అంటే చిత్రాలు ఆడాయి, పేరే నిలవలేదు. స్పెయిన్‌లో, ఇటలీలో, జర్మనీలో ‘హైదీ’ చూస్తూ పెరిగినవారిలో దర్శకుడెవరో తెలిసినవారు ఎందరుంటారు?

అసలు సంగతి, తకహతా స్వయంగా బొమ్మలు గీసే దర్శకుడు కారు. కాబట్టి ఏ కథకు ఎలాంటి గీత కావాలో, దాన్నే చిత్రకారుల చేత గీయించారు. ‘ఓన్లీ ఎస్టర్‌డే’లో నటుల గొంతులు ముందే రికార్డు చేయించి, వాళ్లు నవ్వితే బుగ్గల మీద పడే ముడతలను కూడా బొమ్మలోకి తెచ్చారు. ‘యమదాస్’లో (1999) పత్రికల కార్టూన్ గీత, దాని మీద పల్చని నీటిరంగు. ‘కగుయా’లో అమ్మాయి భవనం విడిచి పరుగెత్తే ఘట్టం చూడండి: పట్టుబట్టలు ఒక్కొక్కటిగా జారిపోతుంటే, గీత బొగ్గుముక్కతో కోపంగా గీకినట్టు చెదిరిపోయి, చివరికి ముఖమే ఆనవాలు చిక్కదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకే దర్శకుడివని చెప్పడం కష్టం. మియాజాకిని గుర్తుపట్టడానికి ఒక్క ఫ్రేము చాలు.

శేషు:
‘హైదీ’ ప్రతి భాగానికీ లేఅవుట్లు (ఏ దృశ్యంలో ఏది ఎక్కడ ఉండాలో చూపే చిత్తు బొమ్మలు) గీసింది మియాజాకియే కదా! ఆ గడువులు అందుకోవడం ఎవరి చేతి చలువో ఆలోచించండి.

వాణి:
‘హైదీ’ వరకు ఒప్పుకుంటాను. ‘ఆన్’ మధ్యలోనే మియాజాకి తన సొంత చిత్రం కోసం వెళ్లిపోయారు. మిగిలిన భాగాలను ఆయన లేకుండానే తకహతా పూర్తిచేశారు.