సుంకరి, గుత్తదారు, పన్ను రూక

ప్రశ్న: బైబిల్లో "సుంకరి" అంటే రోము ప్రభుత్వపు ట్యాక్స్ ఆఫీసరేనా? "పన్ను వసూలుదారు" అని తేలిగ్గా రాస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. పాత తెలుగు బైబిల్లో రోమా పత్రిక 13:7 తీయండి. "ఎవనికి పన్నో వానికి పన్నును, ఎవనికి సుంకమో వానికి సుంకమును" అని రెంటినీ విడదీసి పెట్టారు. గ్రీకులో మొదటిది ఫోరోస్, రెండోది తెలోస్. ఫోరోస్ మనిషి తల మీదా నేల మీదా పడేది. తెలోస్ ఎక్కువగా సరుకు మీద పడేది, హద్దు దాటేటప్పుడో రేవు చేరినప్పుడో కట్టాలి. మన శుల్కం సుంకమైంది కూడా ఆ అర్థంలోనే కదా.

యూదయలో ఈ తేడా చాలా పెద్దది. క్రీ.శ. 6లో అక్కడి పాలకుడు అర్కెలాయును గద్దె దింపి రోము ఆ ప్రాంతాన్ని నేరుగా తన చేతిలోకి తీసుకుంది, సిరియా అధిపతి కురేనియ వచ్చి ఎవరికి ఎంత ఆస్తి ఉందో లెక్క రాయించాడు. గలిలయుడైన యూదా తిరగబడింది ఈ లెక్క మీదే, దేవుడు తప్ప మాకు ఇంకో యజమాని లేడని. తర్వాత యేసును "కైసరుకు పన్నిచ్చుట న్యాయమా" అని ఇరికించబోయింది కూడా ఈ పన్ను గురించే, సుంకం గురించి కాదు. మత్తయి అక్కడ వాడిన గ్రీకు మాట కేన్సోస్, లాటిన్‌లో జనాభా లెక్కకున్న పేరే అది. "పన్ను రూక" చూపించమంటే తెచ్చింది దేనారం, అంటే రోము వెండి నాణెం. అప్పటి చక్రవర్తి తిబెరి దేనారాల మీద దివ్యుడైన అగస్టసు కొడుకు అని చెక్కి ఉండేది, అంటే మొహమూ రాతా రెండూ ఒక యూదుడికి ఇబ్బందే. (తిబెరి దేనారాలు మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో కూడా దొరికాయి, వ్యాపారం మీద వచ్చినవి.)

ఈ పన్ను వసూలు యూదుల పెద్దల నెత్తిన ఉండేది. క్రీ.శ. 66లో పన్ను బాకీ పడితే యెరూషలేము పెద్దలే ఊళ్ల మీద పడి 40 తలాంతులు (తలాంతు అంటే పెద్ద మొత్తాలు లెక్కపెట్టే తూకం) పోగు చేశారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. సుంకరుల ఊసే లేదు అక్కడ.

సుంకరి దారి వేరు. గ్రీకు మాట తెలోనేస్‌లోనే "కొనేవాడు" ఉన్నాడు: సుంకం వసూలు చేసుకునే హక్కును కొనుక్కున్నవాడు. సంతలో ఆశీలు వేలంపాట చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పాట సొమ్ము పైవాడికి కట్టాలి, మిగిలింది తనది. లూకా 19లో జక్కయ్యను గ్రీకు "సుంకరుల పెద్ద" అంటే మన అనువాదకులు "సుంకపు గుత్తదారుడు" అన్నారు. నా దృష్టిలో అది మూలం కన్నా ఒక మెట్టు ఎక్కువే చెప్పిన మాట. అతని ఊరు యెరికో కూడా సుంకం బాగా పడే ఊరే, యొర్దాను దాటి వచ్చే దారి మీద ఉంది, చుట్టూ బాల్సం తోటలు.

ఇంకొకటి, కపెర్నహూములో "సుంకపు మెట్టునొద్ద" కూర్చున్న మత్తయి రోము మనిషి అసలే కాదు. గలిలయ అప్పుడు చతుర్థాధిపతి (రోము కింద ఏలే చిన్న రాజు) హేరోదుది, సుంకమూ అతని ఖజానాకే.

ప్రశ్న: రోము మనిషి కాకపోతే "సుంకరులును పాపులును" అని జంట కట్టేంత అసహ్యం దేనికండీ? ద్రోహి అనే కదా ప్రసంగాల్లో చెప్తారు.

జవాబు: ద్రోహం సంగతి ఎలా ఉన్నా, దోపిడీ అన్న అనుమానం మాత్రం గట్టిగా ఉంది. లూకా 3లో బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులకి చెప్పింది ఉద్యోగం మానమని కాదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ఇంకా పచ్చిగా ఉంది: సుంకరి పెట్టెలోంచి చిల్లర మార్చుకోకూడదు, ధర్మం పుచ్చుకోకూడదు, ఎందుకంటే అది లాక్కున్న డబ్బు కావచ్చు. అతని ఇంట్లో సొంత డబ్బు తీసి ఇస్తే మాత్రం తీసుకోవచ్చట! అంటే గొడవ మనిషితో కన్నా ఆ పెట్టెతోనే.

సుంకరులందరూ వెలికి గురైనవాళ్లే అనుకోకండి. క్రీ.శ. 66లో కైసరయ సమాజమందిరం పక్కన ఒకడు దారి ఇరుకయ్యేలా దుకాణాలు కడుతుంటే, ఆ పని ఆపించమని రోము అధికారి ఫ్లోరసుకు 8 తలాంతులు లంచం పట్టుకెళ్లిన యూదు పెద్దల్లో యోహాను అనే సుంకరి ఉన్నాడు. ఫ్లోరసు డబ్బు పుచ్చుకుని ఊరు విడిచి పోయాడు, పని ఆగలేదు.